ప్రవీణన్నకు రెండో ఆల్బమ్ వినిపించాను

కెనడాలోని వాటర్లూలో మాతో పాటు అద్దెకుండే ప్రవీణన్న పోయిన వారం వంటగదిలో అందరి ముందూ నా పరువు తీశాడు. మేమిద్దరం వినే రాక్ బ్యాండ్ ఒకటుంది. గుంపుగా మోగే వయొలిన్లతో కలలో తేలుతున్నట్టు ఉంటుంది. దాని మొదటి ఆల్బమే సంగీతమట, నాకిష్టమైన రెండోది నిద్రమాత్రట. అసలు రెండూ సరిగా విన్నాడా అని నాకు అనుమానం వచ్చింది.

ఈ రోజు ఇంట్లోవాళ్లం అందరం కలిసి, ఇక్కడికి గంటకు పైగా దూరంలో ఉన్న లండన్ అనే ఊరికి కారులో వెళ్లాం. డ్రైవింగ్ నాది. మొదటి ఆల్బమ్ అని చెప్పి రెండోది పెట్టాను.

అన్న కళ్లు మూసుకుని తలూపాడు. "వినుర్రి ఆ వయొలిన్లు. రెండో ఆల్బమ్‌ల ఇసొంటి పాట ఒక్కటన్న ఉందా?"

"లేదన్నా," అన్నాను. దారి పొడుగునా పొగడనిచ్చాను. పార్కింగ్‌లో కారు ఆపాక, ఫోన్‌లో ఆల్బమ్ పేరు అందరికీ చూపించాను.

"ముందుగాల్నే చెప్పొచ్చు గదా," అన్నాడు.

"చెప్తే ఇంత మెచ్చుకునేవాడివా అన్నా?"

వెనక సీట్లో నవ్వులు ఆగలేదు. నా కడుపులో మంట చల్లారింది.

తిరిగొచ్చేటప్పుడు అతనే మెల్లగా అడిగాడు, "ఆ ఆఖరి పాట మళ్ల పెట్టవా?"

నేను రేడియోలో వాతావరణ వార్తలు పెట్టి, ఇల్లు చేరేదాకా మార్చలేదు. మీరైతే పాట పెట్టేవారా?