రోసమ్మక్క గాలిని అలిసిపోనిచ్చిన తోట

ఆషాఢం గాలి లేచిన రోజున మా ఇంటి ముందు వావిలి కొమ్మలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. ఆ ఘాటు వాసన వంటింటిదాకా వస్తుంది. చాలామందికి అది జలుబు చేస్తే ఆవిరి పట్టే ఆకు వాసన. నాకు మాత్రం ముందు భయమేస్తుంది, ఆ తర్వాతే రోసమ్మక్క గుర్తుకొస్తుంది. చేస్తున్న పని వదిలేసి మా అమ్మాయి దీప ఊపిరి ఎలా ఉందో వినడానికి వెళ్తాను.

ఊరిగాంలో మాది బంగారు గని కంపెనీ పాత క్వార్టర్స్, వీధి చివరి ఇల్లు. ఎదురుగా ఖాళీ నేల, దాని అవతల సైనైడ్ దిబ్బ. గనిలో తవ్విన రాయిని పిండి చేసి, సైనైడ్‌తో బంగారం తీసుకుని, మిగిలిన బూడిదరంగు మట్టిని తరాల తరబడి పోయగా లేచిన కొండ అది. గని మూతపడింది గాని దిబ్బ ఎక్కడికి పోతుంది? గాలి కాలంలో ఆ మట్టి మా అన్నంలోకి, పక్కబట్టల్లోకి, దీప ఊపిరితిత్తుల్లోకి వచ్చేది. అప్పుడది ఇంకా బడికి పోని పిల్ల. ఆయాసం వస్తే మెడ కింద గుంట పడేది. దుమ్ముకు దూరంగా ఉంచమని రాబర్ట్‌సన్‌పేట డాక్టరు ప్రతిసారీ చెప్పేవాడు. మా ఆయన మునిరాజు చీకటితోనే రైలెక్కి బెంగళూరులో పనికి పోయేవాడు. ఇల్లు మారే తాహతు మాకు లేదు. ఇక మిగిలింది పిల్లను బైరకూరులో మా అత్తగారి దగ్గర వదలడమే.

పక్కింటి రోసమ్మక్క బడిలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైంది. చర్చిలో ఎవరైనా పాట తప్పు పాడితే మోచేత్తో పొడిచే మనిషి. మాకేం కావాలో మాకంటే ముందే నిర్ణయించేసేది, నాకు ఒళ్ళు మండేది. దీపను పంపించే మాట చెవిన పడగానే వచ్చి, మా కిటికీ గట్టు మీద వేలితో గీత గీసి, ఆ వేలు నా ముఖం ముందు పెట్టింది.

"దీనికి భయపడి బిడ్డను పంపించేస్తావా? దీన్నే ఆపుదాం."

మా ఊళ్ళో దేనికి అడ్డం కావాలన్నా జింకు షీట్లే. రెండిళ్ళ ముందూ పాత షీట్లు ఎత్తుగా నిలబెట్టించింది. మొదటి గాలికే సంగతి తెలిసిపోయింది. షీట్లను గుద్దుకున్న గాలి పైకెగిరి, మోసుకొచ్చిన మట్టినంతా సరిగ్గా మా గుమ్మంలో కుమ్మరించింది. ఆ సాయంత్రం ఆటోలో ఆసుపత్రికి పోతుంటే దీప పెదాలు నీలంగా మారాయి. మాస్కు పెట్టి మందు పట్టించాక గాని పిల్ల కళ్ళు తెరవలేదు. రోసమ్మక్క పరుగున వస్తే నేను కోపం పట్టలేకపోయాను.

"నా బిడ్డ ఊపిరితో ఆటలాడొద్దక్కా. మీ ఉపకారం చాలు."

ఆ వారమే దీప బైరకూరు వెళ్ళిపోయింది. బస్సు కదిలినా ఏడవలేదు. ఏడిస్తే ఆయాసం వస్తుందని దానికి తెలుసు.

కొన్నాళ్ళకు షీట్లు ఊడదీస్తున్న చప్పుడు విని బయటికొచ్చాను. రోసమ్మక్క గేటు దాటి లోపలికి రాలేదు.

"మా నాయన గనిలో గోనెపట్టాలు కట్టే పని చేసినాడు శాంతా. లోపల గాలి యాడికి పోవాల్నో ఆ పట్టాలతోనే తిప్పేవాళ్ళు. గాలితో కొట్లాడొద్దు పాపా, దాన్ని అలిసిపోనీ అని ఎన్నిసార్లు చెప్పినాడో. నేను పోయి గోడ కట్టినాను."

"ఇప్పుడేం చేస్తారు?"

"అలిసిపోయేటట్టు చేస్తాను. ఏండ్లు పడతాది. అంతవరకు నన్ను తిట్టుకో."

తన వరండా గచ్చు మీద సుద్దముక్కతో తోట గీసింది. దిబ్బ వైపు కిత్తనార, దాని వెనక తంగేడు, ఆ వెనక వావిలి, ఇంటి దగ్గర కానుగ. ముందు వరుసలో సందు ఉన్నచోట వెనక వరుసలో మొక్క; గాలి ఒక్కో వరుసలో దూరి జోరు తగ్గి, మట్టిని దారిలోనే రాల్చాలని. అన్నీ మేకలు ముట్టనివి, ఒకసారి వేరు పట్టాక నీళ్ళడగనివి. అంతదాకా మా స్నానాల నీళ్ళే చిన్న కాలువలో పాదులకు పోయేవి. పాదుల్లో ఎండుటాకులు పరిచి, ఎగిరిపోకుండా పైన గులకరాళ్ళు వేసేవాళ్ళం. లేతమొక్కలకు ముందు కర్రలు పాతి గోనెపట్టాలు కట్టింది. ఒక గులాబీ పెడదామంటే నవ్వింది. "గులాబీకి మనం పని చెయ్యాల. ఇవి మనకు పని చేస్తాయి."

మేము బైరకూరుకు బిడ్డను చూడబోయి, పశువుల ఎరువు మూటతో తిరిగొచ్చేవాళ్ళం. దీప చలికాలంలో వచ్చేది, గాలి కాలానికి మళ్ళీ పోయేది. ప్రతిసారీ నాకు తోట మీద కోపమొచ్చేది. ఇంత నిదానంగానా పెరగడం!

వావిలి మా కిటికీని దాటిన ఏడు, "ఈ తూరి బిడ్డ ఈడనే ఉండనీ" అంది రోసమ్మక్క. మునిరాజు వద్దన్నాడు. నేను సరేనన్నాను, అన్నప్పటి నుంచి నిద్రలేదు. గాలి ఒక మధ్యాహ్నం లేచింది. దిబ్బ మీద మట్టి పొగలా కదిలింది. అప్పటికి జబ్బుపడి చేతికర్రతో నడుస్తున్న రోసమ్మక్క మా ఇంట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. నా పిడికిట్లో ఇన్‌హేలర్, వీధి మొదట్లో చెప్పి ఉంచిన ఆటో. దీప నేల మీద పడుకుని బొమ్మకు రంగులు వేస్తోంది. బయట కొమ్మలు వంగాయి, లేచాయి, మళ్ళీ వంగాయి. దీప దగ్గింది. నేను లేచాను. రోసమ్మక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఉండమ్మా. ఇంగొక్క దగ్గు వస్తే పోదాం."

రాలేదు. గాలి తగ్గేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు, నేనూ విడిపించుకోలేదు. తర్వాత మెల్లగా లేచి, కిటికీ గట్టు మీద వేలు గీసి చూసుకుంది. వేలికి సన్నగా బూడిదరంగు అంటింది.

"ఉండాది. తగ్గినాది," అని చీరకు తుడుచుకుంది.

మరుసటి గాలి కాలానికి ఆమె లేదు. దీప ఇప్పుడు హైస్కూలుకు సైకిల్ మీద పోతోంది. తోటకు మేము చేసేదల్లా అప్పుడప్పుడు కొమ్మలు కత్తిరించడమే. దిబ్బ మాత్రం అలాగే ఉంది. ఆమె మీద నాకు ప్రేమ ఉందని బతికుండగా ఒక్కసారీ చెప్పలేదు, చెప్పి ఉంటే మోచేత్తో పొడిచేది.

ఇవాళ పొద్దున కూడా గాలి లేచింది. వెళ్ళి కిటికీ గట్టు మీద వేలు గీశాను. వెనక నుంచి దీప అడిగింది: "ఎంతుండాదమ్మా?"

"ఉండాది. తగ్గినాది," అన్నాను. కిటికీ మూయలేదు.