కాదు అని నొక్కితే

వనపర్తిలో మేం అద్దెకున్న ఇంటి కింది వాటాలో యజమానురాలు ఉండేది. భర్త పోయిన ముస్లిం ఇల్లాలు. పిన్నీ అన్నట్టు నేను ఖాలా అని పిలిచేదాన్ని. పై గదిలో కూర్చుని నేను ఒక అమెరికా కంపెనీకి స్క్రీన్లు డిజైన్ చేసేదాన్ని. అక్కడ ఇల్లు అమ్మేవాళ్లు ఏ ఆఫీసుకూ పోనక్కర్లేదు. నోటరీ వీడియోలోనే అమ్మేవాళ్ల ముఖం, గుర్తింపు కార్డు చూసి, సంతకాలు చేయించి ముద్ర వేస్తారు. ఆ పని తికమక లేకుండా, తొందరగా సాగేలా చూడటం నా ఉద్యోగం.

కొత్తవాళ్లకు అర్థమవుతుందో లేదో చూద్దామని, ఆ స్క్రీన్లను తెలుగులోకి మార్చి ఒక మధ్యాహ్నం కిందికి పట్టుకెళ్లాను. ఖాలా చింతపండులో గింజలు తీస్తోంది. చేతులు కడుక్కొచ్చి కళ్లద్దాలు పెట్టుకుంది.

"ఇది ఉత్తదే ఖాలా. చదివి, నీకు ఏది నొక్కాలనిపిస్తే అది నొక్కు."

"తప్పయితే?"

"తప్పయితే నాదే, నీది కాదు."

కార్డు చూపించడం దాకా సులువుగానే సాగింది. తర్వాత ప్రశ్న వచ్చింది: 'ఈ ఇంటిని ఎవరి బలవంతమూ లేకుండా, మీ ఇష్టంతోనే అమ్ముతున్నారా?' అందరూ నొక్కేది అదే కదా అని 'అవును'ను పెద్దగా, నీలంగా పెట్టాను. 'కాదు' కింద చిన్నగా, బూడిదరంగులో ఉంది. ఖాలా వేలు దాన్ని వెతుక్కుని మరీ నొక్కింది.

'సమావేశం ముగిసింది. మీ ఏజెంటును సంప్రదించండి.'

"గంతేనా బిడ్డా? ఎందుకు కాదంటున్నవని ఎవ్వరు అడగరా?"

ఖాలా కళ్లద్దాలు తీసింది. అప్పుడు చెప్పింది. మరుదులిద్దరూ మేముంటున్న ఆ ఇంటికే బేరం కుదిర్చేశారట. "నన్నొక మాట అడగలే. దస్కత్ పెట్టుమన్నరు. కాదంటే నేను యాడికి పోత?"

కాదన్న మనిషితో నోటరీ ఒంటరిగా మాట్లాడేలా ఆ సాయంత్రమే ఇంకో స్క్రీన్ గీసి పంపాను. "అట్లా నొక్కేవాళ్లు ఎందరుంటారు? తర్వాత చూద్దాం" అన్నాడు మా మేనేజర్. నేను వాదించలేదు. ఆ 'తర్వాత' అనేది రానేలేదు.

వారం తిరక్కుండానే, "జర తోడు రా" అంటే ఖాలాతో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లాను. అధికారి కాగితాల్లోంచి తలెత్తకుండానే అడిగాడు, ఇష్టంతోనే అమ్ముతున్నావా అని. మరుదులు చెరోపక్క నిలబడ్డారు. ఖాలా ఒక్కసారి నా వైపు చూసింది. నేను నేల చూశాను.

"అవును సార్" అంది.

వేలిముద్ర మొదటిసారి పడలేదు. కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెట్టింది.

తర్వాత కొత్తకోటలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. మేమూ ఇల్లు మారాం. ఒకసారి ఫోన్ చేస్తే కూతురు ఎత్తింది. "అమ్మీ పండుకున్నది అక్కా, లేచినంక చేపిస్త" అంది. వెనకనుంచి ఖాలా ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు వినిపిస్తూనే ఉంది. సరేనని పెట్టేశాను. మళ్లీ చేయలేదు.