ఇరవై ఏడును ఆరుగురికి పంచలేం

కరోనా తగ్గి బజార్లు మళ్ళీ నిండుగా తెరుచుకున్న ఏడాది, వర్షాలు వెనకబట్టే వేళ, నన్ను మా మున్సిపల్ ఆఫీసు కంప్యూటర్ విభాగం నుంచి కొత్త మార్కెట్ కేటాయింపు విభాగానికి డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నా హోదా సీనియర్ సిస్టమ్స్ అనలిస్ట్. పదవీ విరమణ దగ్గర పడుతోంది. రైల్వే పనులకు వచ్చి బెంగాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్ళ ఇంట ఖరగ్‌పూర్‌లో పుట్టి, ఉద్యోగమంతా ఖరగ్‌పూర్‌లోనే చేసినవాణ్ణి కనుక ఈ బదిలీతో మారింది నా కుర్చీ ఒక్కటే.

ఇందా రోడ్డు పక్కన కప్పు వేసిన కొత్త బజారు తయారైంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్లు పోగొట్టుకున్నవారికీ, రోడ్డు వార బట్ట పరుచుకుని అమ్ముకునేవారికీ అందులో తలా ఒక కొట్టు ఇవ్వాలి. కొట్టు అందరికీ ఖాయం, ఎవరికి ఏ కొట్టు అన్నదే తేలాలి. రోడ్డు వైపు తెరుచుకునే వరసకూ, వెనక గోడ పక్కన చీకటి వరసకూ బేరాల్లో చాలా తేడా ఉంటుంది. అందుకని కంప్యూటర్ డ్రా పెట్టారు. దరఖాస్తుదారుల పేర్లను ప్రోగ్రాం కలగాపులగం చేస్తుంది. కలిపిన తరువాత మొదట వచ్చిన పేరుకు మొదటి కొట్టు, రెండో పేరుకు రెండోది, అలా చివరిదాకా. కొట్ల నంబర్లు రోడ్డు వైపు నుంచి మొదలవుతాయి. ఆఫీసుతో సంబంధం లేని పరిశీలకులు ఒకరు సరిచూసి సంతకం పెడితేనే ఆ వరస చెల్లుతుంది.

దరఖాస్తుదారుల్లో మా పైడమ్మక్క కూడా ఉంది. నాకు సొంత అక్క. పసుపు, కారం, అప్పడాలు, వడియాలు అమ్ముతుంది. ఆ సంగతి చేరిన రోజే మా పై అధికారికి చెప్పాను. ఆయన నవ్వి, ఈ ఊళ్ళో తెలుగువాళ్ళలో నీకు చుట్టం కానివారు దొరికితే వారినే వేస్తానన్నాడు.

డ్రా జరిగింది. ముఖ్య అతిథి మీట నొక్కాడు, తెర మీద పేర్లు వచ్చాయి. మా అక్కకు రెండో నంబరు, రోడ్డు మూల మీది కొట్టు వచ్చింది. ఆ సాయంత్రమే ఆమె తలుపుకు వేయించడానికి రంగు డబ్బాలు కూడా కొనుక్కొచ్చింది. పరిశీలకురాలి సంతకం తెచ్చే పని నాకప్పగించారు. అదొక లాంఛనమని అందరం అనుకున్నాం.

పరిశీలకురాలు హిజ్లీ క్యాంపస్‌లో సంఖ్యాశాస్త్రం చెప్పే డాక్టర్ సుభద్ర. నిజామాబాద్ వైపు ఆమె, ఇక్కడికి వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. నేను కాగితాలు ముందు పెట్టినా ఆమె వాటిని చూడలేదు. ప్రోగ్రాం ఏదని అడిగింది. ఫలితం ఇదుగో మేడమ్ అన్నాను.

"ఫలితం చూసి ఏం చెప్పాలి సార్? బాగా కలిపినా ఇట్లనే కనబడతది, బాగా కలపకపోయినా ఇట్లనే కనబడతది. ఎట్ల కలిపిన్రో చూడాలె."

ప్రోగ్రాం రాసింది మా కంప్యూటర్ విభాగంలోని ప్రణబ్. ఇరవై ఏళ్ళ సర్వీసు, ఒద్దికైన మనిషి. అడిగిన వెంటనే పంపాడు. మర్నాడు ఆమె నన్నూ ప్రణబ్‌నూ కలిసి రమ్మని కబురు చేసింది.

ఇక్కడ పాఠకులకు ఒక మాట చెప్పాలి. కంప్యూటర్ తనంతట తాను యాదృచ్ఛికంగా ఏదీ చేయలేదు. దానికి మొదట ఒక అంకె ఇస్తే, ఆ అంకెను లెక్కల్లో తిప్పి తిప్పి, ఒకదానితో ఒకటి పొంతన లేనట్టు కనిపించే అంకెల వరస తీస్తుంది. ఆ మొదటి అంకెను మా వృత్తిలో సీడ్ అంటారు, అంటే విత్తనం. విత్తనం ఒకటే అయితే పంట కూడా అచ్చం అదే వస్తుంది. ప్రణబ్ ప్రోగ్రాం ఆ విత్తనాన్ని కంప్యూటర్ గడియారం నుంచి తీసుకునేది. మీట నొక్కిన సెకనే విత్తనం.

సుభద్ర మమ్మల్ని కూర్చోబెట్టి, డ్రా జరిగిన వేళను అటూ ఇటూగా వేసి, ఒక్కొక్క సెకనే ప్రోగ్రాంకు ఇస్తూ పోయింది. కాసేపటికి తెర మీద మా వరస వచ్చేసింది. మొదటి పేరు నుంచి ఆఖరి పేరు దాకా అదే. రెండో స్థానంలో మా అక్క.

ఏ సెకనులో నొక్కితే ఎవరికి ఏ కొట్టు వస్తుందో ముందే చూసుకుని, ఆ సెకను కోసం కాచుకుని కూర్చోవచ్చన్నమాట. అలా ఎవరూ చేయలేదని నాకు తెలుసు. చేయలేదని రుజువు చేసే దారి మాత్రం మాకు లేదు.

"ఇది ఒకటి. ఇంకొకటి ఉన్నది సార్, అది ఇంకా సన్నం," అంటూ ఆమె బల్ల మీద పెన్ను, తాళంచెవి, కళ్ళద్దాలు వరసగా పెట్టింది. మా ప్రోగ్రాం ఒక్కో స్థానం దగ్గర ఆగి, అక్కడున్నదాన్ని మొత్తం వరసలో ఎక్కడో ఒక చోట ఉన్నదానితో మారుస్తుంది. మూడు వస్తువులుంటే మూడుసార్లు, ప్రతిసారీ మూడు ఎంపికలు. మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు దారులు. మూడు వస్తువులను పేర్చగల వరసలు మాత్రం ఆరే.

"ఇరవై ఏడు గవ్వల్ని ఆరుగురికి సమానంగా పంచుండ్రి సార్."

పంచలేం. కొందరికి నాలుగు, కొందరికి అయిదు పడతాయి. అంటే కొన్ని వరసలు మిగతావాటికంటే ఎక్కువసార్లు వస్తాయి. పేర్లు ఎన్ని పెరిగినా ఆ తేడా పోదు. ఆమె ప్రోగ్రాంను కొన్ని లక్షలసార్లు నడిపి చూసింది. దరఖాస్తుల వరసలో చివర ఉన్నవారికి రోడ్డు వైపు కొట్లు రావలసినన్ని సార్లు రావడం లేదు. మా వరసలో ముందున్నది పాత లైసెన్సుదార్లు, మా అక్క లాంటివాళ్ళు. చివరన ఉన్నది తాల్‌బగీచా వైపు నుంచి బుట్టలతో వచ్చి రోడ్డు వార అమ్ముకునేవాళ్ళు.

సరైన పద్ధతికీ దీనికీ ఉన్న తేడా ఒకే ఒక్క పంక్తి. కుదిరిన స్థానాన్ని వదిలేసి, మిగిలినవాటిలోంచి మాత్రమే ఎంచుకోవాలి. మొదటిసారి మూడు, తరువాత రెండు, ఆఖరికి ఒకటి. మూడు రెళ్ళు ఆరు. ఆరు దారులు, ఆరు వరసలు, ఒక్కోదానికి ఒక్కటి. చూడటానికి చిన్న సంగతి. అంత అందమైన లెక్క నా సర్వీసులో మళ్ళీ చూడలేదు.

తన తప్పును కప్పుకునే మాట ఒక్కటీ రాలేదు ప్రణబ్ నోట. "దీదీ ఠీకీ బొలేఛేన్, మూర్తి దా," అన్నాడు నాతో. దీదీ చెప్పింది నిజమే మూర్తి అన్నా అని. అక్కడే కూర్చుని, ఆ పంక్తి తన చేత్తోనే మార్చి, మళ్ళీ లక్షలసార్లు నడిపి, తేడా పోయిందని చూసుకున్నాకే లేచాడు.

పై అధికారి సుభద్రకు ఫోను చేశాడు. నేను ఆయన ఎదురుగానే ఉన్నాను, ఫోను స్పీకర్లో ఉంది. తేడా కంటికి కనపడనంత చిన్నదనీ, ఎవరూ ఫిర్యాదు చేయలేదనీ, ప్రకటించిన డ్రా రద్దు చేస్తే బజారు భగ్గుమంటుందనీ ఆయన వాదన. అందులో అబద్ధమేమీ లేదు. ఆమె అంతా విని, "ఎవరూ అడగరనే కద సార్, నన్ను పెట్టిన్రు," అంది. సంతకం పెట్టలేదు.

నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆమె పెట్టేస్తే బాగుండునని నాకూ ఉంది. మా అక్క ముఖం కళ్ళలో మెదిలింది.

సంతకం లేక డ్రా రద్దయింది. దరఖాస్తుదారుల సభ కొత్త బజారు కప్పు కిందే పెట్టారు. ఆఫీసు తరఫున రద్దు సంగతి చెప్పవలసింది నేను. చెప్పడం పూర్తికాకుండానే కేకలు మొదలయ్యాయి. అందరికంటే పెద్ద గొంతు మా అక్కది.

"ఏట్రా తమ్ముడూ, ఒచ్చిన కొట్టు తిరిగి లాక్కుంతారా? నానేటి దొంగతనం సేసినానా? నోటికాడి కూడు తీసేత్తన్నావు కదరా!"

సుభద్ర లేచి మైకు అందుకుంది. తప్పు ఎవరిదీ కాదనలేదు, ఎవరిదో చెప్పలేదు. కలపడంలో లోపం ఉందనీ, అది చివర పేర్ల మీద పడిందనీ తేలిక మాటల్లో చెప్పింది. ఆమె మాటను నేను మావాళ్ళ తెలుగులో, తరువాత బెంగాలీలో తిప్పి చెప్పాను. వెనక వరసలోంచి ఆకుకూరలమ్మే సింహాచలం లేచాడు.

"అంటే దీదీ, మాకు అన్యాయం జరిగిపోనాదనేనా?"

అవునంటే సగం బజారు ఆమె వెంట నడిచేది. ఆమె అవుననలేదు.

"మీకు అన్యాయం జరిగిందని నేను చెప్పలేనన్నా. ఒక్క డ్రా చూసి అది ఎవ్వరూ చెప్పలేరు. మీకు తక్కువ వచ్చేటట్టు ఉండిందని మాత్రం చెప్పగలను. అది చాలు, మళ్ళీ తియ్యడానికి."

తనకు లాభించే మాట దగ్గర కూడా తెలిసినంతే చెప్పి ఆగిన మనిషిని అప్పుడు చూశాను. కేకలు ఒక్కసారిగా ఆగలేదు కానీ, మళ్ళీ తీయడానికి ఒప్పుకున్నారు.

రెండో డ్రా పద్ధతంతా ఆమెదే. ముందుగా పేర్ల వరసనూ ప్రోగ్రాంనూ అడిగినవారందరికీ ఇచ్చేశాం. ఆ తరువాత వాటిలో అక్షరం మార్చినా పట్టుబడుతుంది. గడియారాన్ని పక్కన పెట్టేశాం. విత్తనం బజారువాళ్ళే వేయాలి. ఒక స్టీలు గ్లాసు, ఒక పాచిక. దరఖాస్తు పెట్టిన ప్రతివారూ వచ్చి, గ్లాసు గిలకరించి, బల్ల మీద బోర్లించి ఎత్తాలి. పడిన అంకెను అందరికీ వినపడేలా చదువుతాం. ఆ అంకెలన్నీ వరసగా చేరిస్తే అదే విత్తనం. అంత పొడుగు అంకెను ముందుగా ఊహించడం ఎవరి తరమూ కాదు. ఒకరిద్దరు చెయ్యి తిప్పి వేసినా, మిగతావారి పాచికలు పడేదాకా వరస ఎలా వస్తుందో వాళ్ళకూ తెలియదు.

ఆ పొద్దు బజారంతా వంతు కోసం వరస కట్టింది. ముసలివాళ్ళు గ్లాసును కళ్ళకద్దుకుని వేశారు. సింహాచలం రెండు పడిందని నొచ్చుకున్నాడు. పెద్ద అంకె పడితే మంచి కొట్టని చాలామంది అనుకున్నారు, కాదని సుభద్ర ఓపికగా మళ్ళీ మళ్ళీ చెప్పింది. మా అక్క నా వైపు చూడకుండా వచ్చి, గ్లాసు గట్టిగా ఆడించి, బోర్లించి, వెళ్ళిపోయింది.

ప్రణబ్ ఆ అంకెలను ఒక కంప్యూటర్లో వేశాడు. వ్యాపారుల సంఘం తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లో వాళ్ళ మనిషి వేశాడు. మూడోదాంట్లో సుభద్ర వేసింది. మీట నొక్కితే మూడింటిలోనూ ఒకే వరస వచ్చింది. ఒకదాని పక్కన ఒకటి పెట్టి పేర్లు చదువుతుంటే, ఇన్నేళ్ళ సర్వీసులో చూసిన ఏ యంత్రం పనికీ పొంగని మనసు నాకు పొంగింది. ముందు ఎవరికీ తెలియదు, తరువాత ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఈ రెండూ ఒకచోట కుదరగలవని నేనెప్పుడూ అనుకోలేదు.

సింహాచలానికి ఈసారీ లోపలి వరసే వచ్చింది. మా అక్క మూల కొట్టు ఎవరో మేదినీపూర్ గాజులవారికి పోయింది. ఆమెకు మూడో వరసలో, మధ్యలో ఒకటి వచ్చింది. సుభద్ర ఆ వరస కింద సంతకం పెట్టింది.

అక్క దగ్గరకు వెళ్ళకుండా బల్ల పక్కనే నిలబడ్డాను. ఆమే వచ్చింది.

"ఏటి, అలా నిలబడిపోనావు? రంగు డబ్బాలు ఆ మూడో వరసకి మోయించు."

"కోపం లేదా అక్కా?"

"ఎవుల మీద? మొన్న ఆ పెద్దమనిసి నొక్కినాడు, నాకు మూల కొట్టొచ్చింది. ఆడెందుకిచ్చినాడో నాకు తెల్దు. ఈపాలి నా సేత్తో నానేసినాను, అందరూ ఏసినారు. ఇంక ఎవుళ్ని అంతాను?"

కొట్టు నచ్చిందని ఆమె అనలేదు. ఇప్పటికీ అనదు. లోపలికి జనం రావడానికి రెండు పండగలు పట్టింది.

ఈ పని నాకు నేర్పింది ఇది. డ్రా బాగా జరిగిందా లేదా అన్నది వచ్చిన ఫలితంలో కనిపించదు, తీసిన పద్ధతిలోనే ఉంటుంది. కాబట్టి పద్ధతిని ముందే అందరి ముందూ పెట్టాలి. లోపం ఎంత చిన్నదైనా అది ఎవరి మీద పడుతోందో చూడాలి. ఓడినవాడు సైతం తానే సరిచూసుకోగలిగే వరకూ ఆ పని పూర్తి కాలేదనే అనుకోవాలి.