సైకిలంటే పడదని చెబితే మార్కులు పోతాయా

2023లో కూడా నా కోచింగ్ సెంటర్ ఇప్పుడున్న చోటే ఉండేది. విశాఖలో గాజువాక మెయిన్ రోడ్డు మీద, మెడికల్ షాపు పై అంతస్తులో రెండు గదులు. విదేశీ ఉద్యోగాలకు కావలసిన ఇంగ్లీషు పరీక్షకు మనుషుల్ని తయారు చేయడం నా పని. అప్పటికి పదమూడేళ్లుగా అదే చేస్తున్నాను. వచ్చేవాళ్లలో సగం మంది నర్సులు, మిగతావాళ్లు వెల్డర్లు, ఫిట్టర్లు, ఓడల్లో పనిచేసేవాళ్లు. రాత పరీక్ష కంటే వీళ్లను ఎక్కువగా భయపెట్టేది స్పీకింగ్ టెస్టు.

అందులో మధ్య భాగాన్ని క్యూ కార్డ్ అంటాం. ఎగ్జామినర్ ఒక కార్డు ఇస్తాడు. దాని మీద ఒక విషయం రాసి ఉంటుంది. ఒక నిమిషం ఆలోచించుకుని, రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. తర్వాత ఫాలో-అప్ ప్రశ్నలుంటాయి, అంటే మనం చెప్పినదాన్నే పట్టుకుని ఇంకొంచెం లోతుగా అడుగుతాడు. ఏయే కార్డులు వస్తున్నాయో పరీక్ష రాసి వచ్చినవాళ్లను అడిగి తెలుసుకుని, మాలాంటివాళ్లం జవాబులు రాసి పెట్టుకుంటాం. నా దగ్గర అరవై దాకా ఉండేవి. వాటిలో సైకిల్ ఒకటి. నేను రాసిన జవాబులో పదో పుట్టినరోజుకు తాతగారు నీలం సైకిల్ కొనిపెడతారు. దాని మీద పొలాల మధ్య నుంచి బడికి వెళ్తాం. సైకిల్ ఆరోగ్యానికీ పర్యావరణానికీ మంచిదని చెప్పి ముగిస్తాం. సరిగ్గా రెండు నిమిషాలు పడుతుంది.

నూకరత్నం ఆ వేసవిలో చేరింది. ముప్పై ఒక్కేళ్ల మనిషి, గాజువాకలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఇల్లు జాలరిపేటలో. తండ్రి సముద్రం మీద చేపల వేటకు వెళ్తాడు, తల్లి నూకమ్మ చేపలమ్ముతుంది. డ్యూటీ దిగి మూడున్నరకు మా మెట్లెక్కేది, అయిదున్నరకు సిటీ బస్సు పట్టుకునేది. బ్రిటన్‌లోని ఒక ఆసుపత్రి ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ఆమెను ఎంపిక చేసింది. స్పీకింగ్‌లో తొమ్మిదికి ఏడు మార్కులు, అంటే ఏడు బ్యాండ్ రావాలి, అదీ అయిదు నెలల్లోపు. రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్లిపోతుంది.

చెప్పినవన్నీ శ్రద్ధగా బట్టీ పట్టింది. మొదటి పరీక్షలో వినడం, చదవడం, రాయడం మూడింట్లోనూ కావలసిన మార్కులు వచ్చాయి. స్పీకింగ్‌లో ఆరే వచ్చింది.

"ఏ కార్డు వచ్చింది?" అని అడిగాను.

"మనదే మేడం, సైకిలు. రెండు నిమిషాలూ గడగడా సెప్పీసేను. ఒక్క ముక్క తప్పు పోలేదు. ఆకర్న ఆయన అడిగేడు, తొక్కడం ఎవరు నేర్పేరు, నేర్చుకున్నప్పుడు పడ్డావా అని. అక్కడే దొరికిపోయేను."

"అదేం కష్టమైన ప్రశ్న?"

"నాను ఎప్పుడూ సైకిలెక్కలేదు మేడం. తాతే నేర్పేడన్నాను. మీ తాత ఏటి సేసేవోడన్నాడు. రైతన్నాను. మా తాత వేటకెళ్లి మరి రాలేదు మేడం. ఆయన్ని తీసుకెళ్లి పొలంలో నిలబెట్టేసినట్టనిపించినాది. ఇంక నోరు పెగల్లేదు."

నన్ను తప్పుపడుతున్నట్టు చెప్పలేదు. ఆసుపత్రిలో డాక్టరుకు పేషెంటు పరిస్థితి చెప్పినట్టు వరుసగా చెప్పింది. బట్టీ పట్టిన జవాబును ఎగ్జామినర్ ఇట్టే కనిపెడతాడని నాకు తెలియనిది కాదు. మాట వేగం మారుతుంది, రాగం మారుతుంది. అయినా చాలామంది గట్టెక్కుతున్నారు కదా అని నేను ఆ సంగతి పట్టించుకోలేదు.

మర్నాడు ఆమె ముందున్న కాగితాలు తీసేసి, సైకిల్ గురించి నిజంగా తెలిసింది ఏదైనా చెప్పమన్నాను. కిటికీలోంచి రోడ్డు వైపు చూసి అడిగింది.

"సైకిలంటే నాకు పడదని సెప్పొచ్చా మేడం?"

"చెప్పొచ్చు."

"మంచిదని సెప్పకపోతే మార్కులు పోవా?"

"వాళ్లు చూసేది నీ ఇంగ్లీషు. నీ అభిప్రాయంతో వాళ్లకు పని లేదు" అన్నాను. అన్న తర్వాత ఆలోచిస్తే, పదమూడేళ్లలో ఈ మాట ఒక్కరికీ చెప్పిన గుర్తు లేదు.

అప్పుడు చెప్పింది. తల్లి గంప నెత్తిన పెట్టుకుని పెదవాల్తేరు ఎత్తు ఎక్కి వీధి వీధీ తిరిగేది. అదే ఒడ్డున చేపలు కొని, సైకిల్ కేరియర్‌కు ఐసు పెట్టె కట్టుకుని అప్పన్న అనే ఆయన బయల్దేరేవాడు. తల్లి మొదటి వీధి దాటేసరికి అతను నాలుగు వీధులు చుట్టేసేవాడు. మిగిలిపోయిన చేపలతో తల్లి తిరిగొచ్చిన ప్రతిరోజూ, అప్పన్న సైకిల్ రబ్బరు హారన్ మోత వింటే రత్నానికి ఒళ్లు మండేదట.

"ఇదే ఇంగ్లీషులో చెప్పు" అన్నాను.

"ఐ డోంట్ లైక్ బైసికిల్స్. బైసికిల్ మ్యాన్ టేక్ మై మదర్స్ కస్టమర్స్" అని మొదలుపెట్టింది. తప్పులు చాలా దొర్లాయి. కానీ నాలుగు నిమిషాలు ఆగకుండా మాట్లాడింది, ఎక్కడా రాగం మారలేదు. తప్పులు దిద్దడం నా పని, అది నాకు వచ్చు.

అయితే ఫాలో-అప్‌లో ఒక వైపే మాట్లాడితే చాలదు, రెండో వైపు కూడా చెప్పగలగాలి. సైకిల్ వల్ల ఎవరికైనా మేలు జరిగిందేమో మీ అమ్మను అడిగి రమ్మని ఇంటికి పంపాను. అది మామూలుగా అందరికీ ఇచ్చే హోంవర్కే.

మరుసటి రోజు రాలేదు. ఆ తర్వాతి రోజు వచ్చి, బ్యాగు ఇంకా భుజానే ఉండగా చెప్పడం మొదలుపెట్టింది.

"నాను నర్సింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు అమ్మ ఎత్తు దిగుతా పడిపోనాదంట మేడం. కాలిరిగి మూడు నెలలు మంచంలో ఉన్నాదంట. ఆ మూడు నెలలూ అప్పన్నే అమ్మ సేపలు కేరియర్ మీదెట్టుకుని, అమ్మ వాడిక ఇళ్లకే ఎల్లి, ఇయ్యి నూకమ్మ సేపలని సెప్పి అమ్మేవోడంట. నాకెవులూ సెప్పలేదు. తెలిత్తే కోర్సు వగ్గేసి వచ్చేత్తానని."

బ్యాగు దించి కుర్చీలో కూర్చుంది.

"ఆడ్ని ఎంత తిట్టుకున్నానో. పదేళ్లు మేడం."

"ఇప్పుడు ఎక్కడున్నాడు?"

"పేటలోనే. మోకాళ్లు పోనాయి, మోపెడ్ మీద తిరగతన్నాడు. నిన్న ఎల్లి మాటాడేను. ఇలగ పరీక్షలో నీ గురించి సెప్తానన్నాను. సెప్పుకో, గాని ఇంగిలీసోళ్ల కాడ నా పేరు సరిగ్గా పలుకు అన్నాడు."

అప్పుడు నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత అయిదు వారాలు రోజూ గంటన్నర ప్రాక్టీసు చేశాం. కాలాలు తప్పిపోవడం, బహువచనాలు మింగేయడం, ఒకే మాటను పదిసార్లు వాడడం, వీటి మీదే పని చేశాం. విషయం కోసం వెతుక్కునే అవసరం మళ్లీ రాలేదు.

రెండో పరీక్షలో సైకిల్ రాలేదు. గోలగా ఉండే చోటు గురించి చెప్పమని కార్డు వచ్చింది. ఒడ్డున చేపల వేలంపాట గురించి చెప్పిందట. రెండు నిమిషాలైందని ఎగ్జామినర్ ఆపితే, ఇంకా ఉందని అనబోయి మానుకుందట. ఏడు వచ్చింది. గడువుకు పదిహేను రోజుల ముందు కాగితాలు పంపింది. అప్పన్న పేరు ఆ గదిలో ఎవరూ వినలేదు. ఆ సంగతి అతనికి చెప్పలేదని వెళ్లే ముందు నాతో అంది.

ఆ తర్వాత జవాబు కాగితాలు ఇవ్వడం మానేశాను. కొందరు అవి దొరికే సెంటర్లు వెతుక్కుని వెళ్లిపోయారు. నా ఫలితాలు అమాంతం పెరిగాయనీ చెప్పలేను. ఇదివరకటి కంటే శ్రమ ఎక్కువైంది, ఎందుకంటే ప్రతి ఒక్కరి కథా వేరు, ప్రతి ఒక్కరి తప్పులూ వేరు.

విద్యార్థులకు ఇంగ్లీషు రాదు కాబట్టి జవాబు రాసిస్తున్నానని అనుకునేదాన్ని. అది పూర్తి నిజం కాదని రత్నం వల్ల తెలిసింది. వేటకెళ్లేవాడి కూతురికి, ఫర్నేసు దగ్గర పనిచేసేవాడికి రెండు నిమిషాలు చెప్పుకోదగ్గ సంగతులు ఉండవని వాళ్లను అడక్కుండానే అనుకున్నాను. పాఠం చెప్పే మనిషిగా అది నా తప్పు. దాన్ని దిద్దుకోవడానికి నాకు పదమూడేళ్లు పట్టింది.