ట్రాలీ మీద జీపు, ఖాళీగా ఉండాల్సిన సీటు

తొంభైల మొదట్లో నా స్కూటర్‌ను బాగుచేసే మెకానిక్ ఒకాయన గోదావరిఖనిలో ఉండేవాడు. ఇంట్లో దక్కనీ, షెడ్డులో తెలుగు. మందమర్రిలో ఎవరో వదిలేసిన పాత జీపును కొన్నాడు. గేర్‌బాక్స్ ఊడదీసి వెనక పడేసి ఉంది. టాపు లేదు. బస్సు పోని అడవి ఊళ్లకు దాన్ని కిరాయికి తిప్పాలని ఆయన ఆశ. షెడ్డులో ఒకరి బండ్ల కింద పడుకోవడం ఇక చాలనేవాడు. అందుకే జీపు దెబ్బ తగలకుండా ఇల్లు చేరాలి.

ఒక రైతు దగ్గర ట్రాక్టరూ ట్రాలీ కిరాయికి మాట్లాడాడు. కట్టడానికి పొరుగింటి పెద్దాయనను వెంట తెచ్చుకున్నాడు. ఆయన బొగ్గుబావిలో హాలేజీ నడిపి, అంటే తాడుతో బొగ్గు టబ్బులను లాగే యంత్రం దగ్గర పనిచేసి, రిటైరయ్యాడు. వార్త పని మీద నేనూ ఆ ఉదయం మందమర్రిలోనే ఉన్నాను. చూసిపోదామని ఆగాను.

ట్రాలీని మట్టిగడ్డకు ఆనించి, పలకలు వేసి, పదిమంది తోస్తే జీపు ఎక్కింది. దించడం సులువని ట్రాక్టర్ డ్రైవర్ వెనక్కి తిప్పి ఎక్కించమన్నాడు కానీ పెద్దాయన ఒప్పుకోలేదు. ఇంజను బరువు ట్రాక్టర్ వైపే ఉండాలన్నాడు. చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు కొట్టాడు. బంపర్‌కు తాడు వేయబోయిన మెకానిక్ చేతిలోంచి తాడు లాక్కుని ఇరుసుకు కట్టాడు. జీపు ఒళ్లు స్ప్రింగుల మీద ఊగుతుంది, ఊగినప్పుడల్లా తాడు వదులవుతుందని నాకు చెప్పాడు. కట్టిన ప్రతి తాడునూ చేతికర్రతో కొట్టి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. బావిలో పైకప్పు గట్టిగా ఉందో లేదో అలా కొట్టే తెలుసుకుంటారు.

అప్పటికే మెకానిక్ ఎక్కి జీపు సీట్లో కూర్చున్నాడు.

"దిగు," అన్నాడు పెద్దాయన.

"బ్రేకు తొక్కి కూసుంట కాక. జీపు యాడికి పోతది?"

"దిగు."

"బ్రేకు నేనే చేసిన. పక్కా."

"బ్రేకు పక్కానే. నీ ఒంట్ల బొక్కలు ఏ ఫ్యాక్టరీల చేసిన్రు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మెకానిక్ మొహం ఎర్రబడింది. "నువ్వు ట్రాక్టర్ మడ్‌గార్డు మీద కూసుంటవ్. నేను నా జీపుల కూసోవద్దా?"

"నేను బండి మీద కూసుంట. మాలు మీద కాదు. బాయిల ఉన్నన్ని రోజులు మాలు పోయే టబ్బు మీద మనిషిని ఎక్కనియ్యలే. ఇయ్యాల ఎక్కనిస్తనా?"

నేను కల్పించుకున్నాను. బ్రేకు మీద మనిషి ఉంటే నయమే కదా అన్నాను. ఆయన నా వైపు తిరిగాడు. "మీరు పేపర్ల రాస్తరు సార్, రాయుండ్రి. కట్టుడు నాకిడిసిపెట్టుండ్రి." అని ట్రాక్టర్ తాళం చెవి డ్రైవర్ దగ్గర తీసుకుని జేబులో వేసుకున్నాడు. మెకానిక్ దిగేదాకా ఇవ్వలేదు.

మెకానిక్ అలిగి నా స్కూటర్ వెనక ఎక్కాడు. ట్రాలీ వెనకే మెల్లగా పోయాం. పెద్దాయన రెండుసార్లు బండి ఆపించి, తాళ్లు కొట్టి విన్నాడు. "ముసలోనికి చాదస్తం సార్," అంటూ మెకానిక్ దారంతా నా చెవిలో గొణిగాడు.

గోదావరి వంతెనకు ముందు రోడ్డు వాలుగా ఉంటుంది. ముందు పోతున్న బస్సు, చెయ్యెత్తిన ఎవరి కోసమో, ఉన్నట్టుండి ఆగింది. ట్రాక్టర్ డ్రైవర్ బలంగా బ్రేకు వేశాడు. జీపు అంగుళం కూడా కదల్లేదు. కానీ లోపల దబ్బుమని చప్పుడైంది.

దిగి చూశాం. వెనక పెట్టిన గేర్‌బాక్స్ జారివచ్చి డ్రైవర్ సీటును తన్నింది. తుప్పు పట్టిన కీళ్లు విరిగి, సీటు వీపు స్టీరింగ్‌కు అతుక్కుపోయింది. రెంటి మధ్య అరచేయి దూరేంత సందు లేదు.

మెకానిక్ చాలాసేపు ఆ సందునే చూశాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"తప్పు నాదే కొడుకా. జీపును కట్టిన. లోపలిదాన్ని సూడలే."

"నన్నైతే సూసినవ్ గదా కాక," అన్నాడు మెకానిక్.

గేర్‌బాక్స్‌ను మెకానిక్కే కట్టాడు. పెద్దాయన చేతిలోంచి కర్ర తీసుకుని, ఆ తాడును కొట్టి విన్నాడు.

ఆ దారిలో జరిగిన ప్రమాదాల గురించి అప్పటికి ఎన్నో వార్తలు రాశాను. "ట్రాలీ మీద కూర్చున్న వ్యక్తి అక్కడికక్కడే మరణించాడు. డ్రైవర్ అజాగ్రత్తే కారణం." రెండు వాక్యాల్లో పని అయిపోయేది. ఆ మనిషి ఆ బరువు మీద ఎందుకు కూర్చున్నాడని ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే, నాలాంటివాడు ఎవడో పక్కన నిలబడి, కూర్చుంటే నయమే కదా అన్నాడని తెలిసేదేమో.

వానలు పడేనాటికి జీపు నడిచింది. ఒకసారి దానిలో అడవి ఊరికి పోయాను. లోపల చోటు లేక ఒకతను బియ్యం బస్తాల మీదికి ఎక్కి కూర్చున్నాడు. మెకానిక్ ఇంజను ఆపాడు. తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"దిగు," అన్నాడు.