చవితికి దాచిన చిచ్చుబుడ్లు

మూడు రోజుల ముసురు తరవాత నిన్న ఎండ వచ్చింది. తడిబట్టలు ఆరేయడానికి మేడమీదికి వెళ్ళాను. వాటర్ ట్యాంకు పక్కన పాత దుప్పటి మీద చిచ్చుబుడ్లు వరసగా ఎండుతున్నాయి. ఒత్తులన్నీ సగం కాలి ఉన్నాయి. దీపావళినాడు తుంపరకు తడిసి చీదేసినవన్నమాట. వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు నడుపుతూ మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో అద్దెకుంటున్న ఆయన పెట్టినవి. రేపు నాగుల చవితి. దీపావళికి మిగిలినవి చవితికి కాల్చడం మా కృష్ణా జిల్లా ఇళ్ళలో ఎవరూ నేర్పకుండానే వచ్చే అలవాటు. బట్టల బకెట్ కింద పెట్టి పిట్టగోడ మీద కూర్చున్నాను.

కాలువ లాకుల దగ్గర నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం ముప్పై నాలుగేళ్ళు నా ఉద్యోగం. రోజుకు మూడుసార్లు నీళ్ళు కొలిచినవాడికి ఇంట్లో ఊరుకోవడం చేతకాదు. నా డైరీలో ప్రతి దీపావళికీ ఒక పేజీ నియమాలుండేవి. లైసెన్సున్న స్టాల్లోనే కొనాలి, నూలుబట్టలే కట్టాలి, గుమ్మం పక్కన రెండు బకెట్ల నీళ్ళు, ఒక తట్ట ఇసుక ఉండాలి, పోలీసువారు చెప్పిన వేళకు ముందే ముగించాలి. మా ఆవిడ తమ్ముడు కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్లో క్రేను నడిపేవాడు. ఏటా పిల్లలిద్దరితో పాసింజరు బండి దిగి వచ్చి గుమ్మంలోనే మొదలుపెట్టేవాడు. "అక్కా, బావగారు సంతకం పెట్టారా? అగ్గిపెట్టె ముట్టుకోవచ్చా?" మా ఆవిడ వంటింట్లోంచి, "అర్జీ పెట్టుకోరా, సోమవారం చూస్తారు" అనేది. వాళ్ళు నవ్వుకుంటుంటే నేను ఇసుక తట్ట సరిచేసుకునేవాణ్ణి. పిల్లలు గోగుకాడలకు కట్టి వెలిగించిన ఒత్తులను దిబ్బు దిబ్బు దీపావళి అంటూ నేలకేసి కొట్టి, కాళ్ళు కడుక్కుని, నోట్లో మిఠాయి వేసుకున్నాకే మతాబుల పెట్టె తెరిచేవాణ్ణి.

ఆ పేజీలో ఇంకో నియమం కూడా ఉండేది. చీదినవాటిని పారేయకూడదు, ఎండబెట్టి చవితికి వాడాలి. ఏదైనా వృథా కావడం నాకు గిట్టదు. పద్దెనిమిదేళ్ళ కిందట ఇలాగే ముసురు పట్టింది. చీదిన పదకొండింటినీ నేనే చేటలోకి ఏరి, నేనే ఎండబెట్టాను. ఆడవాళ్ళు పొద్దున పుట్టలో పాలు పోసి వచ్చారు. సాయంత్రం అందరం వాకిట్లో చేరాం. మొదటిది బావమరిది ముట్టించాడు. ఒత్తి కాలింది, ఆరిపోయింది, అంతే. అతను అడుగు వేయబోతే ఆపాను. అలాంటప్పుడు వంద లెక్కపెట్టాలని నా రూలు. గట్టిగా లెక్కపెట్టాను. పిల్లలు గొంతు కలిపారు. డెబ్భై దగ్గర అతను, "బావా, ఈలోపు వచ్చే ఏటి దీపావళి వచ్చేస్తుంది" అన్నాడు. వంద అయ్యాక నేనే చెప్పాను. "ఇక చూడు, అది చచ్చింది."

అతను వంగాడు.

తరవాతది డైరీలో లేదు, ఆ పేజీ ఖాళీ. ఒక బకెట్ నీళ్ళు అతని మొహం మీదే పోశాం. రెండోది నిండుగా అలాగే ఉండిపోయింది. కుడికన్ను పోయింది. ఒంటికన్నువాణ్ణి క్రేను ఎక్కనివ్వరు కాబట్టి స్టోర్సులో కుర్చీ ఇచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. అక్కను చూడటానికి ఇప్పటికీ వస్తాడు, దీపావళికి మాత్రం రాడు. గుమ్మంలో ఆగడు, నేరుగా లోపలికి వచ్చేస్తాడు.

అప్పటినుంచీ ఏటా లిఫ్టు పక్కన ఒక కాగితం అంటిస్తున్నాను. చీదినదాన్ని ముట్టుకోవద్దు, నీళ్ళలో పడేయండి, అన్నది అందులో మొదటి మాట. చిచ్చుబుడ్లను తిరగేయడానికి పైకి వచ్చిన ఆయనకు నిన్న ఇదంతా చెప్పాను. పరాయి మనిషికి చెప్పడం అదే మొదటిసారి. శ్రద్ధగానే విన్నాడు.

"అయ్యో, పాపం. మీ కాగితం కూడా చదివానండీ బాబాయిగారూ. మాకేం కాదులెండి, నేను దగ్గరుండి చూసుకుంటాగా. ఒత్తి ఆరాక రెండు నిమిషాలు ఆగుతాను."

రెండు నిమిషాలు. నాకంటే ఇరవై అంకెలు ఎక్కువ.

ఎవరి వస్తువూ అడగకుండా ముట్టుకునే మనిషిని కాను. అయినా బకెట్లో బట్టలు గోడమీద పడేసి, కుళాయి కింద నింపి, ఆ దుప్పటి మీద కుమ్మరించాను. ఆయనకు కోపం రాలేదు.

"పోనీలెండి, పెద్దవారు. రేపు కూడా ఎండ కాస్తుందిలెండి."

దుప్పటి అంచులు పట్టి నీళ్ళు వంపి, వాటిని మళ్ళీ ఒక్కొక్కటే పేర్చాడు, ఒకదానికొకటి తగలకుండా, అచ్చం ఆ ఏడు నేను పేర్చినట్టే.

కిందికి వచ్చి డైరీలో తారీఖు మాత్రం వేయగలిగాను. ఈ పూట ఎండ బాగానే కాస్తోంది. తొంభై తొమ్మిది దాకా కాలం మన చేతిలో ఉన్నట్టే ఉంటుంది. నేను మాత్రం పద్దెనిమిదేళ్ళుగా వంద దగ్గరే నిలబడి ఉన్నాను.