మాస్టారి కంప్యూటరు ఆటలో నా నమస్కారం

ఎనిమిదో తరగతి నేను రెండేళ్ళు చదివాను. మొదటి ఏడు అర్థం కాక, రెండో ఏడు అలవాటై. మూడో ఏడూ చదివేవాణ్ణే గానీ బెంచీ నా మోకాళ్ళకు సరిపోలేదు. లెక్కల మాస్టారు నన్ను క్లాసులో కంటే వరండాలోనే ఎక్కువ చూశారు. పాఠం మధ్యలో నా నోరు ఆగేది కాదు మరి.

అలా బడి వదిలేసి, ఎనభైల్లో నరసరావుపేటలో ఒక క్యాసెట్ల రికార్డింగు కొట్లో చేరాను. యజమాని టేపురికార్డర్ల మెకానిక్కు, ఊరంతా భాయ్ అనేవాళ్ళు. జనం పాటల పేర్లు కాగితం మీద రాసిస్తే ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించివ్వడం నా పని. ఏ క్యాసెట్టయినా సరే, మొదట వాయిద్యాలు మోగే చోట మైకులో నా గొంతు పడాల్సిందే: "నమస్కారం! మధురమైన పాటలకు మా కొట్టుకు దయచేయండి!" రొంపిచెర్ల పెళ్ళిపందిట్లోనైనా, మాచర్ల బస్సులోనైనా ముందు మోగేది నేనే. ఇంకో పట్టింపు కూడా ఉండేది. రెండో వైపు ఖాళీగా ఇవ్వం. పాటలు చాలకపోతే మొదటి వైపువే మళ్ళీ ఎక్కిస్తాం, ఈసారి నమస్కారం లేకుండా.

ఒకనాడు ఆ లెక్కల మాస్టారే కొట్టుకొచ్చారు. బొంబాయిలో ఉండే ఆయన తమ్ముడు సెలవులకు వస్తూ చిన్న కంప్యూటరు తెచ్చాడట. పలకంత డబ్బా. దాన్ని టీవీకి తగిలిస్తే, ఆట టేపురికార్డరులోంచి వైరు గుండా అందులోకి ఎక్కుతుందట. ఆ ఆట క్యాసెట్టుకు కాపీ కావాలన్నారు. డెక్కులో పెట్టి వింటే మొదట సన్నటి ఈల, తర్వాత కాగిన నూనెలో మిరపకాయలు పడ్డట్టు చరచర. బొంబాయి సంగీతం ఇంతేనేమో అనుకుని కాపీ చేసిచ్చాను.

ఆదివారం పొద్దున్నే మాస్టారు సైకిలు మీద రొప్పుతూ వచ్చారు.

"ఒరేయ్, అసలు క్యాసెట్టును మా రికార్డరు నమిలేసిందిరా. నీ కాపీ పెడితే ఆట మొదలయ్యేది లేదు. గీతలు గీతలుగా వచ్చి, తెర నల్లబడి మళ్ళీ మొదటికొస్తోంది."

మధ్యాహ్నం మూడింటికి హెడ్మాస్టరు మాస్టారింటికి ఆ కంప్యూటరు చూడ్డానికి వస్తున్నారు. నచ్చి బళ్ళో ఒక గది ఇస్తే, తమ్ముడు ఆ కంప్యూటరును పిల్లల కోసం వదిలి వెళతాడు. లేకపోతే సాయంత్రం బండికి అది కూడా బొంబాయి వెళ్ళిపోతుంది.

భాయూ నేనూ సామాను పట్టుకుని వెళ్ళాం. భాయ్ స్పిరిటులో ముంచిన దూదితో రికార్డరు హెడ్డు తుడిచాడు. తెర నల్లబడింది. పక్కన ఉండే బుల్లి స్క్రూ తిప్పాడు. నల్లబడింది. సౌండు పెంచాం, తగ్గించాం. ఓల్టేజీ చాలడం లేదేమోనని మాస్టారి భార్య ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆపేసింది. చెమటలు కక్కుతూ తెర వంక చూస్తే, మళ్ళీ నలుపే.

"టీవీకి ఒకటి తగిలిద్దామా భాయ్?" అన్నాను.

"ముందు నీకు తగిలిస్తా. ఏందిరా మనం చేసేది? పొద్దుట్నుంచి అది ఏం పాడతందో ఒక్కసారన్నా విన్నామా? ఆ వైరు పీకు."

వైరు గుచ్చి ఉంటే రికార్డరు స్పీకరు మోగదు. పీకాను. గదంతా ఈల. ఆ ఈల మీద కమ్మగా, "నమస్కారం! మధురమైన పాటలకు..."

మాస్టారి భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఆ గొంతెవరిది?" అన్నాడు తమ్ముడు. నేను ఆగిపోయిన ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టాను. తమ్ముడే విప్పి చెప్పాడు, ఈల వెనకాల వచ్చే మొదటి చరచర మీద కూడా పడి అరిచానట. కంప్యూటరుకు కావలసిన లెక్క సరిగ్గా అక్కడే ఉందట.

మాస్టారు తిట్టలేదు. "పిల్లలు ఒక్కసారి చూస్తే చాలనుకున్నానురా," అని కుర్చీలో కూలబడ్డారు. తిడితే బాగుండేది. ఎవరూ పొమ్మనకుండానే నా కాళ్ళు వరండాలోకి నడిచాయి. పాత అలవాటు. అక్కడ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాకే బుర్ర వెలిగింది.

"సార్! తిప్పండి! రెండో వైపు తిప్పండి!"

"అది ఖాళీ గదరా?"

"మా కొట్లో ఖాళీగా ఇస్తే భాయ్ ఊరుకుంటాడా సార్?"

తిప్పారు. తెర మీద గీతలు పరుగెత్తాయి. అన్నం ఉడికేదాకా పొయ్యి దగ్గర కూర్చున్నట్టు అయిదుగురం తెర ముందు కూర్చున్నాం. ఈ రోజుల్లో ఫోను మీద వేలు తగలగానే ఆట వస్తోంది గానీ, ఆ కూర్చోవడం రావడం లేదు. చివరికి తెర మీద చిటికెన వేలంత మనిషి గెంతాడు. అప్పుడే గుమ్మంలో హెడ్మాస్టరు చెప్పుల చప్పుడు.

ఆయన ఆ మనిషిని తొమ్మిదిసార్లు గుంటలో పడేశారు. పదోసారి గుంట దాటించి, "పైన మూల గది ఖాళీయే," అన్నారు.

వచ్చేసేటప్పుడు నాకు మళ్ళీ నోరు లేచింది. "అయినా సార్, అంత మంచి గొంతు దానికెందుకు నచ్చలేదంటారు?"

మాస్టారు నా చెవి పట్టుకున్నారు. "నువ్వు వాగితే నేను నిన్ను బయటికి పంపేవాణ్ణిరా. అది నాకంటే మర్యాదస్తురాలు. పాఠం ఆపేసి తనే బయటికి పోయింది."